మూడు రాళ్ళు, ఒక్క గంజు



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు నుంచి వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించేందుకు ఎంతోమంది పోతారు. కొందరు కొండగట్టు అంజన్న దగ్గరికి పోతారు. రెండేండ్లకోసారి మేడారం జాతర. ఎక్కడికి పోయినా చెట్టు కింద మూడు రాళ్ళు పెట్టి వండుకునుడు పాత అలవాటు. ఇంట్ల గ్యాస్ పొయ్యి ఉన్నోళ్ళు కూడా అక్కడ కట్టెల మీదనే వండుతారు.

అన్నం ఒక గిన్నె, పప్పు ఒక గిన్నె, కూర ఇంకో గిన్నె పెట్టుకుంటే ఏమైతది? అందరూ జాతర తిరిగి వస్తారు. వండే ఆమె పొగలనే ఉంటది. అందరూ తిన్నంక ఆమెకు అడుగంటిన మాడు మిగులుతది. అందుకే ఒక్క గంజుల కిచిడి మంచిది. బియ్యం, పప్పు, కూరగాయ అన్నీ అందులోనే ఉడుకుతాయి.

కోరుట్లలో బీడీలు చేసే 10 మంది ఆడవాళ్ళు కలిసి వేములవాడ పోయిండ్రనుకుందాం. ఎన్ని బియ్యం కావాలె? 9 గ్లాసులు. పెసరపప్పు 3 గ్లాసులు. పప్పు పిరమని తగ్గించొద్దు. కష్టం చేసే ఒంటికి బలం ఇచ్చేది అదే. లెక్కల వండే ఆమెను కూడా కలపాలె. చాలాసార్లు ఆమెనే మర్చిపోతారు! గంజు 12 లీటర్లు పట్టేది ఉండాలె.

ముందు పొయ్యి. వాగుల నుంచి తెచ్చిన తడి రాళ్ళు పెట్టొద్దు. వేడికి పగిలి ముక్కలు ఎగురుతాయి. చుట్టూ ఎండుగడ్డి ఉంటే తీసెయ్యాలె. పత్తి కట్టె గప్పున మండి గప్పున ఆరిపోతది. అంటుబెట్టనీకి అది చాలు. ఉడకనీకి ఎండిన తుమ్మ కట్టె కావాలె. గన్నేరు కట్టె మాత్రం ముట్టొద్దు, అది విషం. గంజు అడుగుకు బయట తడిమట్టి పూస్తే మసి తోముడు అల్కగైతది. ఇది మన ముసలమ్మలందరికీ తెలిసిన సంగతే.

గంజుల నూనె కాగినంక జీలకర్ర, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు, అల్లం, ఎల్లిగడ్డ వేయాలె. తర్వాత పసుపు, టమాట, అనిగెపుకాయ ముక్కలు. పసుపుకు కొదువ లేదు, కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు చేన్లనే పండుతది. 30 గ్లాసుల నీళ్ళు పోసి, ఉప్పు వేసి మసలనియ్యాలె. అప్పుడు కడిగి నానబెట్టిన బియ్యం, పప్పు పోయాలె.

అసలు పని ఇక్కడనే ఉంది. గ్యాస్ పొయ్యికి మంట తగ్గించే బటన్ ఉంటది. మూడు రాళ్ళ పొయ్యికి కట్టెనే బటన్. లోపలికి నూకితే మంట పెరుగుతది, బయటికి గుంజితే తగ్గుతది. నీళ్ళు ఇంకి బియ్యం పైకి కనబడంగనే కట్టెలన్నీ బయటికి గుంజాలె. వట్టి నిప్పుల మీద మూత పెట్టి, మూత మీద కూడా నాలుగు నిప్పులు వేయాలె. 20 నిమిషాలు గంటె పెట్టొద్దు. కట్టెలు గుంజుడు మరిస్తే పైన బియ్యం పలుకు, కింద మాడు!

ఇంకొక మాట, భయం చెప్పేటందుకు కాదు. సిరిసిల్ల మరమగ్గాల మీద 2017 నుంచి 2023 వరకు బతుకమ్మ చీరలు లక్షల్లో నేశారు. పాలిస్టర్ చీరలు అవి. కట్టుకోనీకి తేలిక, ఉతుకుడు సులువు. కానీ పాలిస్టర్‌కు నిప్పంటితే కరిగి ఒంటికి అతుక్కుంటది. పొయ్యి కాడ నూలు చీర కట్టుకోవాలె, కొంగు నడుముకు దోపుకోవాలె. నిప్పంటితే ఉరకొద్దు. ఉరికితే మంట పెరుగుతది. నేల మీద పండి దొర్లాలె, పక్కోళ్ళు మందపు నూలు దుప్పటి కప్పాలె. కాలిన చోట 20 నిమిషాలు మామూలు చల్లనీళ్ళు పోయాలె. అతుక్కున్న బట్ట పీకొద్దు. పేస్టు, సిరా, పసుపు పూయొద్దు. 108కు ఫోన్ చేయాలె.

కిచిడి దించినంక పొయ్యిల నీళ్ళు పోసి, కట్టెతో కలిపి, మళ్ళ పోయాలె. చెయ్యి దగ్గర పెడితే సెగ తగలొద్దు.

ఆ పది మందిల ఒక ఆమె కొత్తగా రాయ నేర్చింది. సంచిల కాయితం తీసి రాసుకుంటది: బియ్యం 9, పప్పు 3, నీళ్ళు 30. తిన్నంక పక్కామె అంటది, "అక్కా, జెర గట్టిగైంది." ఆమె 30 కొట్టేసి 32 అని దిద్దుతది.