రామనగరము నేర్పిన పాఠము



స్వపరిపాలన మనగా మనము శాసనసభల వైపే చూతుము. మేము మీ దృష్టిని చీరాల పేరాలల వైపు మరలింప గోరుచున్నాము.

ఆ గ్రామములు యూనియనుగా నున్నప్పుడు పన్ను ఏటికి సుమారు 4,000 రూపాయలు. ప్రభుత్వము మునిసిపాలిటీ నేర్పరుపగా నది 40,000 ప్రాంతమునకు బెరిగెను. నేతపనివారు మొఱవెట్టిరి, వినువారు లేరైరి. 1921 ఏప్రిలులో మహాత్ముడు వచ్చి, అహింసతో పన్ను నిరాకరింపుడు, లేదా ఊరు విడువుడని రెండు మార్గములు చూపెను. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలు రెండవదానిని ద్రొక్కిరి. పదిహేనువేల జనములో పదమూడువేలకు పైగా ఎల్ల దాటి, రామనగరమను పేర పాకలు వేసికొని, పదునొకండు మాసములు ఎండవానల కోర్చిరి. తమ తగవులు తామే తీర్చుకొనిరి.

గోపాలకృష్ణయ్యగారు నిధులకై బరంపురమున కేగి, అచ్చట పట్టుపడి, ఏడాది చెరసాల పాలైరి. నాయకుడు లేక, ధనము చాలక, 1922లో జనులు మరల ఊరు చేరిరి. కొందఱు దీని నపజయ మందురు. మే మట్లనము. సామాన్యులు తమ్ము తాము పాలించుకొనగలరని రామనగరము ఋజువు చేసెను. కాని యొక్కనిపై నిలిచిన స్వరాజ్యము అతనితోడనే చెరకు బోవునని కూడ నేర్పెను. ప్రజలను తాను లేకున్నను నిలువగలవారినిగా జేయుటే నాయకుని పరమధర్మము.

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణము పురపాలక సంఘములకు రాజ్యాంగ స్థానము నొసగెను. హక్కు చట్టమున గలదు. మన పట్టణపు ఆయవ్యయముల పట్టిక నొకసారియైన జదివినవారు ఈ సభలో నెందఱు? ఆ పఠనము నేడే, ఈ మందిరముననే ఆరంభింతము.