మ్యాన్‌హోల్ ఏ శాఖ కిందికి వస్తుంది?

(ద్వారకలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు, పరిశోధకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పార్లమెంటు చర్చలు ప్రభుత్వ శాఖలను ఎంతవరకు నిలదీస్తున్నాయి అన్న విషయం మీద మాట్లాడమన్నారు. నేను పార్లమెంటు నుంచి కాకుండా మనం కూర్చున్న ఈ ద్వారక నుంచే మొదలుపెడతాను.

2018 సెప్టెంబర్ 14న ఇక్కడికి దగ్గర్లోని డాబ్రీలో ఒక కార్మికుడు మురుగు కాలువలోకి దిగుతుంటే తాడు తెగి చనిపోయాడు. అంతకు ఐదు రోజుల ముందు మోతీనగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ల సముదాయంలో, మురుగు శుద్ధి ట్యాంకులో ఐదుగురు చనిపోయారు. ఒక్క నగరంలో, వారం తిరగకుండా ఆరుగురు. డాబ్రీ కార్మికుడి కుటుంబం కోసం దేశమంతా జనం చందాలు వేశారు. మంచి పనే. కానీ చందా దయతో ఇచ్చేది. ప్రభుత్వం చెప్పాల్సింది జవాబు. ఆ జవాబు అడగాల్సిన చోటు పార్లమెంటు.

మరి అక్కడ అడిగితే ఏమైంది? 2021 జూలై 28న రాజ్యసభలో మల్లికార్జున ఖర్గే, ఎల్. హనుమంతయ్య వేసిన ప్రశ్నకు సామాజిక న్యాయ, సాధికారత శాఖ లిఖితపూర్వకంగా సమాధానమిచ్చింది. మాన్యువల్ స్కావెంజింగ్ వల్ల చనిపోయినట్టు ఎలాంటి నివేదికలూ లేవని ఆ సమాధానం సారాంశం. అంటే సున్నా. అదే వర్షాకాల సమావేశాల్లో అదే శాఖ మరో సమాధానంలో, మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ 941 మంది చనిపోయారని చెప్పింది.

ఒకే శాఖ, ఒకే సమావేశాలు. ఒక కాగితం మీద సున్నా, ఇంకో కాగితం మీద 941. ఇందులో ఏది అబద్ధం అని మీరు అడగవచ్చు. చట్టం ప్రకారం చూస్తే రెండూ అబద్ధం కాదు. అసలు సమస్య అదే.

2013 చట్టం తీసి చదవండి. మనం పాకీ పని అని పిలిచేదాన్ని, అంటే పాతకాలపు మరుగుదొడ్లలోంచి, తెరిచి ఉన్న కాలువల్లోంచి చేతులతో మలం ఎత్తే పనిని, ఒక నిర్వచనంలో పెట్టారు. రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపి చేయించే పనిని 'ప్రమాదకర శుభ్రత' అని ఇంకో నిర్వచనంలో పెట్టారు. రెండూ నేరాలే. రెండో నేరానికి మొదటిసారి అయితే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా ఉంది. కానీ పార్లమెంటులో సభ్యుడు మొదటి మాట వాడి అడిగితే శాఖ మొదటి గడి తెరిచి చూపిస్తుంది. శవాలు రెండో గడిలో ఉంటాయి. చచ్చిపోయిన మనిషికి తాను ఏ నిర్వచనం కింద చనిపోయాడో తెలియదు. ఆయన భార్యకు తెలియదు. శాఖకు మాత్రం తెలుసు.

ఇక్కడ బాబాసాహెబ్‌ను గుర్తు చేసుకోవాలి. 1948 నవంబర్ 4న రాజ్యాంగ ముసాయిదాను సభ ముందు పెడుతూ ఆయన, అమెరికా తరహా అధ్యక్ష పాలన కాకుండా పార్లమెంటరీ విధానాన్ని ఎందుకు ఎంచుకున్నామో వివరించారు. ప్రభుత్వానికి స్థిరత్వమూ ఉండాలి, బాధ్యతా ఉండాలి. రెండూ సమానంగా దొరకవు కాబట్టి ముసాయిదా బాధ్యత వైపే మొగ్గిందని చెప్పారు. ఎన్నికలప్పుడు ప్రజలు చేసే లెక్కింపు ఒకటి, సభ్యులు ప్రశ్నలతో, తీర్మానాలతో, చర్చలతో ప్రతిరోజూ చేసే లెక్కింపు ఇంకొకటి. ఆ రోజువారీ లెక్కింపే ఎక్కువ పనిచేస్తుందని ఆయన నమ్మకం.

ఇది ఆయన పుస్తకాల్లోంచి తెచ్చిన నమ్మకం కాదు. 1927లో బొంబాయి శాసనమండలిలో అడుగుపెట్టిన కొత్తలోనే ఆయన బడ్జెట్ మీద మాట్లాడారు. ప్రజల దగ్గర ఎక్సైజ్ రూపంలో వసూలు చేస్తున్నంతైనా వాళ్ల చదువు మీద ఖర్చు పెట్టమని, తలసరి లెక్క తీసి అడిగారు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా ఉండి, ఎదురుగా కూర్చున్నవాళ్ల ప్రశ్నలకు జవాబులూ చెప్పారు. అడిగేవాడి కుర్చీ, చెప్పేవాడి కుర్చీ, రెండూ ఎరిగిన మనిషి మాట అది.

ఆ రోజువారీ లెక్కింపు ఇవాళ ఎక్కడ జారిపోతోంది? నాకు మూడు చోట్లు కనిపిస్తున్నాయి.

మొదటిది, శాఖల మధ్య సందు. ద్వారకనే తీసుకోండి. ఈ ఉపనగరాన్ని కట్టింది ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ. అది కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ కిందిది. మురుగు కాలువల బాధ్యత ఢిల్లీ జల్ బోర్డుది. అది ఢిల్లీ ప్రభుత్వానిది. ఇక్కడ వరసగా కనిపించే హౌసింగ్ సొసైటీల లోపలి ట్యాంకులు ఆ సొసైటీలవి. మనిషి చనిపోతే కేసు పెట్టాల్సింది ఢిల్లీ పోలీసులు. వాళ్లు కేంద్ర హోం శాఖ కింద పనిచేస్తారు. పార్లమెంటులో జవాబు చెప్పేది మాత్రం సామాజిక న్యాయ శాఖ. దాని చేతిలో కాలువా లేదు, పోలీసూ లేడు. పైగా ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. కాబట్టి ఇది రాష్ట్రాల విషయం అని ఒక వాక్యం రాసి ఫైలు మూసేయవచ్చు. మ్యాన్‌హోల్ ఒక్కటే, దాని మూత మీద ఇన్ని శాఖల పేర్లు. లోపల ఉన్న మనిషి మీద ఏ శాఖ పేరూ లేదు.

రెండోది, ప్రశ్న తీరు. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలుంటాయి. వాటికే మంత్రి సభలో లేచి చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు ఎదుర్కోవాలి. ఆ 20లో కొన్నే సభలో చర్చకు వస్తాయి. గుర్తు లేని ప్రశ్నలు రోజుకు 230 దాకా ఉంటాయి. వాటి జవాబు కాగితం మీద వస్తుంది, దాని మీద సభలో ఎదురు ప్రశ్న ఉండదు. మాన్యువల్ స్కావెంజింగ్ మరణాలు సున్నా అని చెప్పిన మంత్రిని, మరి మ్యాన్‌హోల్లో చనిపోయినవాళ్ల సంగతేమిటని అప్పటికప్పుడు అడిగే వీలు ఉండాలి. కాగితాన్ని అలా అడగలేం. 2020 వర్షాకాల సమావేశాల్లో కోవిడ్ పేరుతో ప్రశ్నోత్తరాల సమయాన్నే తీసేశారు, రాత జవాబులు మిగిలాయి.

మూడోది, డబ్బు. ఒక శాఖను కదిలించాలంటే దాని పద్దు మీద చర్చ జరగాలి. పాకీ పని చేసేవాళ్ల పునరావాస పథకానికి 2020-21 బడ్జెట్‌లో 110 కోట్లు పెట్టి, సవరించిన అంచనాల్లో దాన్ని 30 కోట్లకు దించారు. ఎందుకు దించారు, డబ్బు ఎందుకు ఖర్చు కాలేదు అని సభ శాఖను నిలబెట్టి అడగాల్సింది పద్దుల చర్చలోనే. అయితే లోక్‌సభ ఏటా కొన్ని శాఖల పద్దులనే చర్చిస్తుంది. మిగతావన్నీ చివరి రోజు గిలెటిన్ కింద ఒకేసారి ఓటింగుకు పోతాయి. 2018లో, 2023లో ఏ ఒక్క శాఖ పద్దూ చర్చకు రాలేదు, మొత్తం బడ్జెట్ గిలెటిన్ అయింది. స్థాయీ సంఘాలు పద్దులను పరిశీలించి నివేదికలు ఇస్తున్నాయి, నిజమే. కానీ వాటి సిఫార్సులను శాఖ ఒప్పుకుని తీరాలనే నియమం లేదు.

ఇంత చెప్పాక, పార్లమెంటుతో పనిలేదు, వీధిలోనే తేల్చుకోవాలి అని మీలో కొందరికి అనిపించవచ్చు. నేను ఒప్పుకోను. 2021 డిసెంబర్‌లో రాజ్యసభకు ఇచ్చిన ఇంకో సమాధానం చూడండి. సర్వేల్లో గుర్తించిన 58,098 మందిలో కులం వివరాలు 43,797 మందికి దొరికాయి. అందులో 42,594 మంది షెడ్యూల్డ్ కులాలవాళ్లు. అంటే 97 శాతానికి పైగా. ఈ పనికి కులంతో సంబంధం లేదు, పేదరికమే కారణం అని మీ క్లాసులో ఎవరైనా అంటే, ప్రభుత్వం తన సొంత సంతకంతో ఇచ్చిన ఈ కాగితం చూపించండి. ఇది మనం తయారు చేసిన లెక్క కాదు. ఎవరో ఒక సభ్యుడు సరైన ప్రశ్న వేస్తే బయటికొచ్చిన లెక్క.

వీధి పోరాటం, కోర్టు, పార్లమెంటు వేరు వేరు కావు. సఫాయి కర్మచారి ఆందోళన్ చరిత్ర చూడండి. కోలార్ బంగారు గనుల్లో తెలుగు మాట్లాడే దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, మన ఎస్.ఆర్. శంకరన్ గారి లాంటివాళ్లు కలిసి నిలబెట్టిన ఉద్యమం అది. వాళ్లు ఊరూరా తిరిగి సాక్ష్యాలు పోగుచేసి 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలన్నారు. 2023 అక్టోబర్‌లో ఇంకో తీర్పు దాన్ని 30 లక్షలు చేసింది. పేర్లు రాసి పెట్టుకున్నవాళ్లు ఉండబట్టే ఆ హక్కు అడగగలిగాం.

కాబట్టి విద్యార్థులుగా మీరు చేయగల పని ఉంది. పార్లమెంటు జవాబులన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీ జిల్లా మీద, మీ ఊరి మీద వచ్చినవి తీసి చదవండి. ఏ మాట వాడి తప్పించుకున్నారో గీత గీయండి. తర్వాత మీ ఎంపీకి ప్రశ్న రాసి పంపండి. ఎంతమంది చనిపోయారని మాత్రమే అడిగి వదలకండి. 2013 చట్టం కింద ఎన్ని ఎఫ్‌ఐఆర్‌లు పెట్టారు, ఎంతమందికి శిక్ష పడింది, ఎన్ని కుటుంబాలకు పరిహారం అందింది అని అడగమనండి. ఒకే ప్రశ్నను సామాజిక న్యాయ శాఖకు, పట్టణ వ్యవహారాల శాఖకు, హోం శాఖకు, రైల్వేకు విడివిడిగా వేయమనండి. నాలుగు జవాబులు పక్కపక్కన పెడితే ఎవరు ఎవరి మీదికి నెడుతున్నారో తెలిసిపోతుంది. సమాచారం సేకరిస్తున్నాం అని మంత్రి అంటే అది సభకు ఇచ్చిన హామీ కింద లెక్క. మూడు నెలల్లో నెరవేర్చాలి. హామీల కమిటీ ఉంది. మూడు నెలలు దాటాక గుర్తు చేయడం మన పని.

2013 చట్టం అమల్లోకి వచ్చిన రోజు ఏదో తెలుసా? డిసెంబర్ 6. బాబాసాహెబ్ పరినిర్వాణం పొందిన రోజు. ఆ తేదీన పూలదండ వేయడానికి వచ్చే ప్రతి మంత్రినీ మనం ఒకే ఒక్క ప్రశ్న అడగాలి. అయ్యా, ఈ మ్యాన్‌హోల్ మీ శాఖదా, కాదా?

జై భీమ్.