వెలుపలి గోడలు – వెల్ల, రంగు

ఇంట పెండ్లి నిశ్చయమైనదనగానే మనకు మొదట జ్ఞప్తికి వచ్చునది వెల్ల. ముహూర్తము వారము దినములున్నదనగా పనివారిని పిలిపింతుము. వారు వీధి గోడకు రెండు పూతలు పూసి పోవుదురు. పందిటి దీపముల వెలుతురులో ఇల్లు మెరసిపోవును. తరువాత రెండు వానలు కురియగానే పూత పొరలుగా లేచి, పాత మరకలు మరల బయటపడును. అప్పుడు సున్నము మంచిది కాదనియో, రంగు నాసిరకమనియో నిందింతుము. శ్రోతలారా, చాలవరకు తప్పు సున్నముది కాదు, రంగుది కాదు. గోడను సిద్ధపరచని మన తొందరది.

గరుకుగా గార పూసిన వెలుపలి గోడ విషయమున ఈ మాట మరింత నిజము. దాని ప్రతి గుంటలోను దుమ్ము, నాచు, పొడియైన పాత సున్నము దాగియుండును. క్రొత్త పూత గోడకు గాక ఆ దుమ్మునకు అంటుకొనును. దుమ్ము రాలిననాడు పూతయు రాలును.

కనుక ముందుగా గోడను పరీక్షింపవలెను. అరచేతితో రాచి చూడుడు. తెల్లని పొడి అంటినచో పాత పూత పట్టు విడిచినదని అర్థము. సుత్తి పిడితో మెల్లగా తట్టుడు. డొల్ల చప్పుడు వినవచ్చినచోట గార ఇటుకను వదలినది. గోడ అడుగున తెల్లని ఉప్పు పేరుకొనియున్నచో, నేలలోని తడి గోడలోనికి ఎగబాకుచున్నదని గ్రహింపవలెను. చూరు క్రింద నల్లని చార యున్నచో నీరు పైనుండి దిగుచున్నది. ఈ తడిని అరికట్టక వేసిన రంగు, పుండు మానకుండగనే పైన కప్పిన పట్టుగుడ్డ వంటిది. తూము విరిగినదేమో, గోడ మొదట నీరు నిలుచుచున్నదేమో, పెరటి మన్ను గోడకు ఆని ఎత్తుగా పడియున్నదేమో చూచి, ముందు ఆ పని చక్కబెట్టవలెను.

పిమ్మట శుభ్రము చేయుట. నాచు పట్టినచోట బ్లీచింగు పొడి కలిపిన నీటితో తడిపి, కొంతసేపటికి గట్టి కుంచెతో తోమి, మంచినీటితో కడుగవలెను. ఉప్పును మాత్రము పొడిగానే రాల్చవలెను. నీరు పోసినచో అది కరగి తిరిగి గోడలోనికే పోవును. డొల్లబారిన గారను చెక్కివేసి, బీటలను కొంచెము వెడల్పు చేసి, తడిపి, ఆ గోడకు తగిన గారతోనే పూడ్చవలెను. పాత సున్నపు గోడకు బిరుసైన సిమెంటు అతుకు వేసినచో, దాని అంచు వెంట క్రొత్త బీట పుట్టుటకు అవకాశము కలదు.

ఇక వెల్ల సంగతి. పల్నాటిలోని పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు ప్రసిద్ధి. బట్టీలో రాయి కాలునప్పుడు దానిలోని బొగ్గుపులుసు వాయువు వెడలిపోవును. గోడకు పూసిన సున్నము ఆ వాయువునే గాలినుండి గ్రహించి నెమ్మదిగా మరల రాయిగా మారును. ఇందులకు కొంత తడి కావలెను. మండుటెండలో కాలుచున్న గోడకు పూసిన వెల్ల, గట్టిపడకముందే ఎండి పొడియగును. అందుచేత గోడను ముందు తడిపి, పడమటి గోడకు ఉదయమును, తూర్పు గోడకు మధ్యాహ్నము పిదపను పూయుట మేలు. వానలు వెనుకబడి సంక్రాంతి ఇంకను రాని దినములు ఇందులకు మిక్కిలి అనువైనవి.

కిలో రాతిసున్నమునకు సుమారు 5 లీటర్ల నీరు పట్టును. సున్నము విరియునప్పుడు పొంగి ఉడుకును; అది కంట పడినచో చూపునకే ముప్పు. పిల్లలను దరికి రానీయరాదు. 24 గంటలు నిలువయుంచి, ముతకగుడ్డలో వడియగట్టి, 10 లీటర్ల వెల్లకు 40 గ్రాముల జిగురును వేడినీట కరగించి కలుపవలెను. క్రొత్త గోడకు పలుచగా 3 పూతలు. ఒకటి ఆరిన పిదపనే మరియొకటి.

సిమెంటు రంగు వెల్లపై నిలువదు. కావున పాత వెల్లను పూర్తిగా గీకివేసి, గోడ తడిపి పూయవలెను. కలిపిన రంగును గంటలోపల వాడి, పూత గట్టిపడిన పిమ్మట నీటితో తడుపుచుండవలెను. ఎమల్షను రంగుల కైతే గోడ పొడిగా నుండవలెను. క్రొత్త సిమెంటు గారను ఇంచుమించు 28 దినములైనను ఆరనిచ్చి పిమ్మట వేయుడు. లోపల తడి మిగిలినచో పూత పొక్కులెత్తును.

చివరగా ఒక మాట. మనము పూతల లెక్కన బేరమాడుదుము. గీకుటకు, కడుగుటకు కూలి ఇయ్యము. ఇయ్యని కూలికి పనివాడు గీకడు. పెండ్లి పనులలో వెల్లకు ఒక నెల ముందే దినము నిర్ణయించి, గోడ బాగుచేయు పనికి వేరుగా కూలి ఒప్పుకొనుడు. పందిరి విప్పిన తరువాతను, వానకాలము గడచిన తరువాతను మీ గోడ తెల్లగానే యుండును.