గంటమునుండి తెరపలక దాక



తెలుగువారికి పలకయు బలపమును క్రొత్తవి కావు. వానికంటె ముందే తాటాకును గంటమును ఉండెను. తాటాకును ఉడికించి, ఆరబెట్టి, ఇనుప గంటముతో గీసి, ఆ గీతలలో మసి పూసి తుడిచినచో అక్షరములు నల్లగా తేలుచుండెను. వ్రాయసకాడు ఎడమచేతి బొటనవ్రేలిని గంటమునకు ఆనికగా నుంచి, కలము కదలుటకు మారుగా ఆకునే జరుపుచు వ్రాసెడివాడు. 19వ శతాబ్దిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌను పండితులకు జీతములిచ్చి, అట్టి తాళపత్ర గ్రంథములను పెక్కింటిని కాగితములపైకి ఎత్తి వ్రాయించెను. ఆ పని జరుగకున్నచో చెదల నోటబడి నశించిన గ్రంథముల సంఖ్య ఇంకను పెరిగియుండెడిది. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు, మరల దీనితో పని కలదు.

ఇప్పటి విషయము తెరపలక. అంగళ్ళలో దీనిని ‘ట్యాబ్’ అందురు. దీనిపై కలముతో వ్రాసినచో కాగితముపై వ్రాసినట్లే గీత పడును. పాఠములు, లెక్కలు, పటములు అన్నియు ఒక్క పలకలో ఇమిడిపోవును. పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము కర్మాగారములలో పగలు పనిచేసి రాత్రి డిప్లొమా పరీక్షలకు చదువుకొను యువకులు, ఐ.టి.ఐ. విద్యార్థులు దీనిని కొనవలెనా వద్దా అని తర్జనభర్జన పడుచున్నారు. ఒక నెల జీతములో పెద్ద భాగము దీనికి పోవును గనుక ఈ ప్రశ్న చిన్నది కాదు.

చవుకగా తెరపలకను జనులకు అందింపవలెనను ప్రయత్నము ఈ దేశములో పాతదే. బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు కొందరు పల్లెజనుల కొరకు ‘సింప్యూటర్’ అను చేతియంత్రమును రూపొందించిరి. దానిని చిన్న కలముతో నడపవలెను. అది 2004లో విపణికి వచ్చినది గాని ఆశించినంతగా అమ్ముడుపోలేదు. తరువాత 2011 అక్టోబరు 5న ఢిల్లీలో ‘ఆకాశ్’ విడుదలయ్యెను. ప్రభుత్వము దానిని సుమారు 2,276 రూపాయలకు కొనెను. ఆ పలకలను కూర్చినది హైదరాబాదులోనే. దాని తెర ఒత్తిడికి స్పందించు రకము. గోరుతో నొక్కినను, పుల్లతో నొక్కినను పనిచేయును గాని, వ్రేలు సుతారముగా తాకినచో వినదు. వేగము చాలదనియు, బ్యాటరీ త్వరగా అయిపోవుననియు విమర్శలు రాగా, 2012 నవంబరులో వచ్చిన రెండవ ఆకాశ్‌కు వేరు రకము తెరను అమర్చిరి. ధర యొక్కటియే చూచి వస్తువును తయారుచేసినచో ఏమగునో ఆకాశ్ కథ చెప్పుచున్నది. అయినను పేద విద్యార్థి చేతిలో పలక ఉండవలెనను తలంపును తప్పుపట్టరాదు.

పటాన్‌చెరులోనే ఈ విషయమునకు మరియొక ముఖము కలదు. 1972లో ఇచట స్థాపితమైన ఇక్రిశాట్ జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ పంటలపై పరిశోధన చేయుచున్నది. పంటల పరిశోధనలో సగము పని వ్రాతపనియే. ఏ మొక్క ఎన్నడు పూచెను, ఎంత ఎత్తు పెరిగెను, ఏ తెగులు తగిలెను అను సంగతులను వేలకొలది మడులలో తిరిగి గుర్తించుకొనవలెను. పూర్వపు పద్ధతిలో పొలములో పుస్తకమున వ్రాసినదానిని గదికి వచ్చి మరల యంత్రమునకు ఎక్కించెడివారు. ఎత్తి వ్రాయుటలో 1 అంకె 7 కావచ్చును, ఒక వరుస జారిపోవచ్చును. వానజల్లులో తడిసిన పుటను చదువుట ఇంకను కష్టము. ఈ బాధను తీర్చుటకే అమెరికాలోని కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు చవుక పలకలలో పనిచేయు ‘ఫీల్డ్ బుక్’ అను ఉపకరణమును నిర్మించి 2014లో దానిని గూర్చి ప్రకటించిరి. చేనిలో ఒక్కమారు గుర్తించిన అంకె నేరుగా లెక్కలోనికి చేరును.

ఇక కొనువారు ముఖ్యముగా తెలిసికొనవలసినది కలమును గూర్చి. కొనక రబ్బరుతో మొద్దుగా ఉండు కలము ఏ తెరపైనైనను పనిచేయును, చవుకగా దొరకును. అయితే అది వ్రేలికి మారుపేరు మాత్రమే. దానితో తెలుగు వత్తులు వ్రాయబోయినచో ‘క్ష్మ’ యంతయు ఒక ముద్ద యగును. పైగా అరచేయి తెరకు ఆనినచో అదియు వ్రాతగా పడును. రెండవ రకమున తెర కలమును ప్రత్యేకముగా గుర్తించును. ఇందు వ్రాయునపుడు అరచేయి ఆనించినను చిక్కులేదు. గట్టిగా నొక్కినచో గీత లావగును, తేలికగా వ్రాసినచో సన్నమగును. జపానుకు చెందిన వాకమ్ సంస్థ పద్ధతిలో కలమునకు బ్యాటరీ కూడ అక్కరలేదు. తెరయే దానికి శక్తినిచ్చును. 2020లో వచ్చిన సామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్‌కు అట్టి కలము పెట్టెలోనే వచ్చెను. కలము వేరుగా కొనవలసిన పలకలలో పలక ధరకు కలము ధరను కూడ కలిపి లెక్కించుకొనవలెను. అంగడివాడు ఆ మాట చెప్పడు.

పిల్లలకు ఇప్పుడు రెండు మూడు వందలకే అమ్మెడు నల్లని వ్రాతపలక వేరు. దానిపై ఆకుపచ్చగా గీత పడును, మీట నొక్కగానే అంతయు చెరిగిపోవును. అది మంచి పలకయే, బలపము ఖర్చు లేదు. కాని వ్రాసినదానిని అది దాచదు. ట్యాబ్ అనుకొని దానిని కొని తెచ్చుకొన్న తండ్రులు కలరు.

చేతివ్రాత వలన పాఠము మనసుకు పట్టునా? 2014లో అమెరికాలో జరిగిన పరిశోధన యొకటి అట్లే చెప్పెను. 2019లో దానిని మరల చేసి చూడగా తేడా అంత గట్టిగా కనబడలేదు. 2024లో ప్రకటింపబడిన నార్వే పరిశోధనలో 36 మంది విద్యార్థులు తెరపై కలముతో వ్రాసిరి, మీటలపై కొట్టిరి. కలముతో వ్రాయునపుడు మెదడులోని భాగముల నడుమ సంబంధము విస్తారముగా కనబడెను. కాని వారు మీటలను ఒక్క వ్రేలితోనే కొట్టిరి. కావున దీనినే తుది తీర్పుగా గ్రహింపనక్కరలేదు. తెలుగు వ్రాయువానికి వేరొక మేలు కలదు. మీటలపై తెలుగు నేర్వని వృద్ధులు కూడ చేతితో వ్రాయగలరు. 2015లో గూగుల్ చేతివ్రాతను అచ్చక్షరములుగా మార్చు సాధనమును 82 భాషలలో విడుదల చేయగా వానిలో తెలుగు కూడ ఉండెను. గుణింతములు, వత్తులు కలిసి తెలుగు అక్షర రూపములు మిక్కిలి ఎక్కువగుటచే యంత్రమునకు ఇది సులువైన పని కాదు. అందుచే మార్చిన పిదప ఒకమారు చదివి సరిచూచుకొనుట అవసరము.

గ్రంథాలయమునకు వచ్చువారికి దీనివలన ఒక ప్రత్యేక లాభము కలదు. పుస్తకముల అంచులలో గీతలు గీయుట, అభిప్రాయములు వ్రాయుట ప్రతి గ్రంథాలయాధికారికిని తలనొప్పియే. చిత్రరూపమున దొరకు పాత తెలుగు పుస్తకములను పలకలోనికి దింపుకొన్నవారు ఆ పుటలపైననే కలముతో గుర్తులు పెట్టుకొనవచ్చును. మూలప్రతి చెడదు, తరువాతి పాఠకుడు తిట్టడు.

ఇచటనే బ్రౌను పని మరల జ్ఞాపకము రావలెను. పలక పగిలినను, దొంగిలింపబడినను, ప్రతి లేనిచో అందున్న వ్రాత అంతయు పోవును. ఆకునకు చెదలు ఎట్లో పలకకు క్రిందపడుట అట్లు. కనుక నెలకొకసారి వ్రాసిన పుటలను పి.డి.ఎఫ్. రూపమున వేరొక చోట భద్రపరచుకొనవలెను. ముఖ్యమైనవానిని ముద్రించి కాగితముపై కూడ ఉంచుకొనుట మేలు. డబ్బు లేనివారు అప్పు చేసి దీనిని కొననక్కరలేదు. రెండు వందల పుటల పుస్తకము, ఒక కలము కలవాని చదువు ఏమియు తక్కువ కాదు. కొనదలచినవారు అంగడిలో ముందుగా ఆ తెరపై తమ పేరును, ఒక ‘స్త్రీ’ని, ఒక ‘జ్ఞ’ను వ్రాసి, గీత కలము వెంట వచ్చుచున్నదో వెనుకబడుచున్నదో చూచి, అటుపిమ్మట ధర అడుగవలెను.