చిన్న ట్రాక్టర్ ముక్కుకు యంత్రం: బలం చేరే దారి

అశ్వారావుపేట, దమ్మపేట పామాయిల్ తోటల్లో మొక్కలను 9 మీటర్ల ఎడంతో త్రిభుజాకారంలో నాటుతారు. ఆ లెక్కన ఎకరానికి 57 చెట్లు. వాటి మధ్య తిరగడానికి 20 నుంచి 30 హెచ్‌పీ మినీ ట్రాక్టర్ సరిపోతుంది. చిక్కంతా నరికి పడేసిన మట్టలతోనే. ఒక్కోటి ఐదారు మీటర్ల పొడవు, మొదలు దగ్గర ముళ్లు. ముక్కలు చేసే యంత్రాన్ని ట్రాక్టర్ వెనక తగిలిస్తే, యంత్రం కంటే ముందు టైర్లే ఆ ముళ్లెక్కుతాయి. యంత్రం ముందే ఉంటే దారి శుభ్రమయ్యాక టైర్లు వస్తాయి, డ్రైవరు మెడ తిప్పి చూసే పనీ ఉండదు. మంచు కురిసే దేశాల్లో రోడ్డు మీది మంచును తవ్వి పక్కకు విసిరే స్నో బ్లోయర్‌ను చిన్న ట్రాక్టర్ ముందు బిగించేది కూడా ఇందుకే.

అయితే ట్రాక్టర్ బలమంతా వెనక్కే వస్తుంది. పీటీఓ అనే తిరిగే ఇరుసు వెనక ఉంటుంది. రోటవేటరైనా, మొక్కజొన్న నూర్చే మిషనైనా దానికే తగిలిస్తారు. ప్రామాణిక వేగం నిమిషానికి 540 చుట్లు. ఇంజిన్ మీద 24 హెచ్‌పీ అని రాసి ఉన్నా, గేర్లు దాటి పీటీఓకు చేరేసరికి పది, పదిహేను శాతం తరుగుతుంది. కొనేటప్పుడు అడగాల్సింది పీటీఓ హెచ్‌పీ ఎంతని.

బలాన్ని ముందుకు తేవడానికి చాలామందికి ముందుగా తోచేది హైడ్రాలిక్ గొట్టాలు. లెక్క వేస్తే ఆశ సన్నగిల్లుతుంది. నిమిషానికి 20 లీటర్ల నూనెను 150 బార్ ఒత్తిడితో తోసే పంపు ఇచ్చేది 5 కిలోవాట్లు, అంటే దాదాపు 6.8 హెచ్‌పీ. అందులోనూ కొంత మోటారు దగ్గర వేడిగా పోతుంది. బ్లేడును ఎత్తడానికి, పక్కకు తిప్పడానికి అది చాలు; పచ్చిమట్టను నుగ్గుచేసే రోటరుకు చాలదు.

రెండో దారి ట్రాక్టర్ పొట్ట కింద ఉండే మిడ్ పీటీఓ. అక్కణ్నుంచి ఒక షాఫ్ట్ ముందు ఇరుసు కిందుగా సాగి యంత్రం గేర్ బాక్సులో చేరుతుంది. దీని వేగం చాలా మోడళ్లలో 2000 చుట్ల దాపున ఉంటుంది. 11 కిలోవాట్ల బలాన్ని 540 చుట్ల దగ్గర మోయాలంటే షాఫ్ట్ మీద 195 న్యూటన్ మీటర్ల మెలి పడుతుంది. 2000 దగ్గర 53 లోపే. కాబట్టి సన్నని షాఫ్టే సరిపోతుంది. కానీ 540కి చేసిన యంత్రాన్ని నేరుగా దీనికి తగిలిస్తే రోటరు దాదాపు నాలుగు రెట్ల వేగంతో తిరిగి పగిలిపోతుంది. ఇక్కడి షోరూముల్లో ఎక్కువ మోడళ్లకు వెనక పీటీఓ ఒక్కటే ఉంటుంది. ఉన్నదాన్ని ముందుకు మళ్లించాలంటే మధ్యలో గేర్ బాక్సు పెట్టి, తిరిగే దిక్కునూ సరిచూడాలి. మూడోది ఇంజిన్ ముందరి పుల్లీ నుంచే బలం లాగే ఫ్రంట్ పీటీఓ. సూటైన దారే గానీ ఖర్చెక్కువ.

షాఫ్ట్ రెండు కొసల్లో వంగే కీళ్లుగా ఉండే క్రాస్‌ల సంగతి కాస్త నిదానంగా చూడాలి. ఒక క్రాస్ 30 డిగ్రీలు వంగితే, ఇటు చుట్టు నిలకడగా ఉన్నా అటు వేగం ప్రతి చుట్టులో రెండుసార్లు 13 శాతం తగ్గి, 15 శాతం పెరుగుతుంది. రెండో క్రాస్ అంతే కోణంలో ఉండి, మధ్య గొట్టానికి రెండు కొసలా ఉన్న ఫోర్కులు ఒకే వరుసలో నిలిస్తే ఆ ఒడిదుడుకులు చెల్లిపోతాయి. విప్పి బిగించేటప్పుడు ఫోర్కులు అడ్డంగా పడితే మాత్రం రెట్టింపవుతాయి. అప్పుడు వినపడే గడగడను బేరింగు అరిగిందనుకుని బేరింగు మార్చినా లాభం లేదు. రాయో మొద్దో అడ్డుపడినప్పుడు ముందుగా తెగాల్సింది షియర్ బోల్టు. దాని స్థానంలో గట్టి బోల్టు వేస్తే దెబ్బ గేర్ బాక్సు తింటుంది.

క్లచ్ కూడా చూసుకోవాలి. సింగిల్ క్లచ్ బండిలో పెడల్ తొక్కగానే చక్రాలతోపాటు పీటీఓ కూడా ఆగి, మట్టలు యంత్రంలో ఇరుక్కుంటాయి. డ్యూయల్ క్లచ్‌లో సగం తొక్కితే బండి నిలుస్తుంది, రోటరు తిరుగుతూనే ఉంటుంది. 540 చుట్లంటే సెకనుకు తొమ్మిది. షాఫ్ట్ మీద ప్లాస్టిక్ కవచం లేనిచోట భుజం మీది తువ్వాలు కొస తగిలితే మనిషి తేరుకునేలోపే చుట్టేస్తుంది.

ముందు బరువు పడితే వెనక చక్రాలు తేలికై పట్టు తప్పుతాయి. వెనక లిఫ్టుకు రాళ్లపెట్టెగానీ ఇనుప బిళ్లలుగానీ కట్టి, చక్రాల్లో నీళ్లు నింపి ఆ బరువును సరిచేస్తారు.