విదేశయానం – టీకాలు: నా అనుభవం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడమంటే గంటసేపు మాట్లాడేవాణ్ణి. కార్యదర్శిగారు విదేశాలకు వెళ్ళేముందు వేయించుకోవలసిన టీకాల గురించి చెప్పమన్నారు. నేను డాక్టర్ని కాను. నేను చేయబోయిన తప్పు ఒకటుంది, అది చెబుతాను.

2019లో మా అమ్మాయి ఉగాండాలో, కంపాలాలో ఉండేది. నెలలు నిండుతున్నాయి, విమానం ఎక్కవద్దన్నారు. పురిటికి మేమే బయలుదేరాం. అమెరికా వెళ్ళివచ్చినవారికి వీసా, ఇన్సూరెన్సు తప్ప వేరే చింత తెలియదు. ఆఫ్రికా సంగతి వేరు. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు పసుపు రంగు కార్డు చూపాలి. అది లేకుండా తిరిగివస్తే మనవాళ్ళే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. ఇదేం చాదస్తమనుకున్నాను. ఆ జబ్బు మన దేశంలో లేదు గాని, దాన్ని మోసే ఈడిస్ దోమ మన కూలర్లలో, నీళ్ళ డ్రమ్ముల్లో కావలసినంత ఉంది. డెంగీ తెచ్చేదీ అదే. అందుకే అంత జాగ్రత్త.

టిక్కెట్లు తెచ్చిన ఏజెంటు కుర్రాడు, "సూది అక్కర్లేదు సార్, కార్డు నేను తెప్పిస్తాను" అన్నాడు. ముప్పయ్యేళ్ళు ఆడిట్‌లో పనిచేసినవాణ్ణి, దొంగ వోచరుకి ఒప్పుకుంటానా? వద్దన్నాను. అంతవరకు బాగానే ఉంది.

మా ఆవిడకి కీళ్ళవాతం. నాలుగేళ్ళుగా మెథోట్రెక్సేట్, దానితోపాటు స్టెరాయిడ్ మాత్రలు వాడుతోంది. నారాయణగూడ ఐ.పి.ఎం.కి ఆటోలో వెళుతూ, "ఆ మాత్రల సంగతి అక్కడ ఎత్తకు. సూది ఆపేస్తారు, టిక్కెట్లు దండగ" అన్నాను. దొంగ కార్డు వద్దన్నవాణ్ణే ఆ మాట అన్నాను. ఆవిడ బదులు చెప్పలేదు.

డాక్టరమ్మ ముందుగా గుడ్డు పడుతుందా అని అడిగింది. ఈ టీకా కోడిగుడ్లలో తయారవుతుందట. తరువాత, "మందులేమైనా వాడుతున్నారా అమ్మా?" అంది. మా ఆవిడ ఒకసారి నా ముఖం చూసి, సంచిలోంచి మాత్రల డబ్బా తీసి బల్లమీద పెట్టింది.

ఆ టీకాలో ఉండేది బలహీనపరచిన క్రిమే అయినా, ప్రాణంతో ఉన్న క్రిమి. మామూలు ఒంట్లో అది అణగి ఉంటుంది. ఇలాంటి మాత్రలు ఒంట్లోని రక్షణ శక్తిని తగ్గిస్తాయి గనుక, టీకాయే ప్రాణం మీదికి తేవచ్చు. ఆవిడకి వేయలేదు. నాకు అప్పటికి అరవై ఏడు. అరవై దాటాక మొదటిసారి వేయించుకునేవారికి తీవ్రమైన ఇబ్బందులు అరుదే గాని, పడుచువాళ్ళకన్నా ఎక్కువట. మా ఫిజీషియన్ దగ్గర రాయించుకు రమ్మని, అప్పుడు వేశారు. రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడింది, అంతే.

నేనొక్కణ్ణే వెళ్ళాను. పురిటింట్లో మగవాడు ఏం ఉపయోగం చెప్పండి! కాయం ఎలా పెట్టాలో ఆవిడ కాగితం మీద రాసిచ్చింది, అల్లుడు చేశాడు. 2020లో కరోనా వచ్చి రాకపోకలు ఆగిపోవడంతో, మనవరాల్ని ఆవిడ చేతుల్లోకి తీసుకునేసరికి పాపకి రెండేళ్ళు నిండాయి.

ఇక పనికివచ్చే సంగతులు. ప్రయాణానికి నాలుగైదు వారాల ముందే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఈ టీకా వేసిన పదో రోజుకి గాని కార్డు చెల్లదు. పూర్వం పదేళ్ళే చెల్లేది, 2016 నుంచి జీవితాంతం చెల్లుతోంది, పారేసుకోకండి. కార్డులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. హజ్ యాత్రకు మెనింజైటిస్ టీకా కావాలి. మలేరియాకి నేను వాడినది మాత్రలే. దోమే దాన్ని మోస్తుందని రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే కనిపెట్టాడు కదా! నాకిచ్చిన డాక్సీసైక్లిన్ తిరిగివచ్చాక కూడా నాలుగు వారాలు మింగాలి. చాలామంది ఇల్లు చేరగానే మానేస్తారు. ఆ తరువాత జ్వరం వస్తే, నెలలు గడిచినా సరే, ఆఫ్రికా వెళ్ళివచ్చామని డాక్టరుకి ముందుగా చెప్పండి. వాడే మందులన్నీ, చీటీలతో సహా, సంచిలో వేసుకుని వెళ్ళండి.

మా ఆవిడ ముందు వరుసలోనే కూర్చుంది. ఆటోలో నేనన్న మాట ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇవాళ చెప్పమని ఆవిడే అంది.