ముందే తెలిసిన ఫలితము

బత్తలపల్లి కూడలిలో ఎన్నికల ముచ్చట వచ్చినప్పుడెల్ల, “హిందూపురం సంగతి ముందే తెలిసినదే గదా!” అనువారు కొందరుందురు. ఆ మాట కొట్టివేయదగినది కాదు. 1982లో తెలుగుదేశం పార్టీని స్థాపించిన నటుడు నందమూరి తారక రామారావుగారు అక్కడ 1985, 1989, 1994 ఎన్నికలలో గెలిచినారు. ఆయన కుమారులలో హరికృష్ణగారు 1996 ఉప ఎన్నికలోను, బాలకృష్ణగారు 2014, 2019, 2024లలోను గెలిచినారు.

అయితే 1989లోనే రామారావుగారు కల్వకుర్తిలో కూడ నిలిచి, కాంగ్రెసు అభ్యర్థి చిత్తరంజన్ దాస్‌గారి చేతిలో ఓడిపోయినారు. అదే ముఖము, అదే కంఠము, అదే ఎన్నిక. తీర్పులు మాత్రము రెండు. కీర్తి ఒక్కటియే ఓట్లు తెచ్చునదైన, ఈ భేదమెట్లు వచ్చినది?

ఫలితము రాకమునుపే వాక్యము సిద్ధము చేసికొను అలవాటు వార్తలు చదివెడి మాకును కలదు. తారను చూచెదము గాని ఓటరును చూడము. హిందూపురమువారు గెలిపించుటయు, కల్వకుర్తివారు ఓడించుటయు ఆలోచించి చేసిన నిర్ణయములే. “తెలిసినదే” యని మనము ఇంట కూర్చున్ననాడు ఆ నిర్ణయము ఇతరుల పాలగును. లెక్కింపు ముగియువరకు ఫలితము ఎవ్వరికిని తెలియదు. ఓటరునకు గౌరవము అందుననే యున్నది.